అప్పుకంటే ముందు వైద్యం!

బెట్టింగ్, రమ్మీ వ్యసనానికి చికిత్స ఉంది. దానికి ఎంత ఖర్చవుతుందో లెక్క వేద్దాం. మనకు రావాల్సింది కలిసి అడుగుదాం.

వరంగల్, హనుమకొండ, కాజీపేట ప్రజలకు విజ్ఞప్తి

 

బెట్టింగ్ అప్పు ముచ్చట వినబడని బస్తీ మన దగ్గర లేదు. ఐపీఎల్ మొదలైతే బాల్ బాల్‌కూ పందెం. మ్యాచ్ లేని రోజు ఫోన్‌లో రమ్మీ. అర్ధరాత్రి దాటాక కలర్ గేములు. ఒక దాన్ని మూసేస్తే టెలిగ్రామ్‌లో ఇంకో లింకు వస్తుంది. ఆడేది ఒక్కడే అయినా పైసలు పోయేది ఇల్లంతటికీ.

ఆ ఇంటి ఫోన్‌పే స్టేట్‌మెంట్ ఒకసారి తీసి చూడండి. రాత్రి పదకొండు గంటలకు 200. పది నిమిషాలకు 500. మళ్లీ 500. ఆ తర్వాత 1,000. పన్నెండున్నరకు ఖాతాలోకి 4,000 వచ్చింది. గెలిచాడన్నమాట. ఆ 4,000 రెండు గంటలకల్లా నాలుగు ముక్కలై వచ్చిన దారినే పోయింది. పొద్దున ఆరింటికి ఏదో లోన్ యాప్ నుంచి 5,000 జమ. నెల మొత్తం ఇదే వరుస.

సంగతి బయటపడిన రోజు ఇంట్లో ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. ఏడుపులు, తిట్లు, బిడ్డ తల మీద చెయ్యి పెట్టించి ఒట్లు. పెద్దమనుషులు కూర్చుంటారు. నాయన ఎకరం అమ్ముతాడు, అమ్మ పుస్తెలతాడు కుదువ పెడుతుంది, బామ్మర్ది చిట్టీ పాడి తెస్తాడు. అప్పులోళ్లందరికీ కట్టేస్తారు. ఇల్లు ఊపిరి పీల్చుకుంటుంది. మూడు నెలలకో, ఆరు నెలలకో మళ్లీ అదే కథ. ఈసారి అమ్మడానికి ఏమీ మిగలదు.

ఎందుకిలా జరుగుతుంది? మనం అప్పు తీర్చాం, జబ్బును వదిలేశాం. అప్పు తీరగానే లోన్ యాప్ లిమిట్ పెంచుతుంది. చేతికి మళ్లీ కొత్త పైసలు, మెదడులో మాత్రం అదే ఆరాటం. అందుకే ఈ కరపత్రం ఒక్క మాట చెప్పడానికి అచ్చు వేశాం: ఇంట్లో ఉన్న పైసల్లో మొదటి వాటా వైద్యానికి తీయండి. అప్పుల లెక్క ఆ తర్వాత.

ఇది జబ్బే. డాక్టర్ల పుస్తకాల్లో ఉన్న జబ్బు

"వాడికి బుద్ధి లేదు", "సోమరిపోతు", "సావాసం చెడ్డది" అని తిట్టుకుంటూ ఏళ్లు గడిపేస్తున్నాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల జాబితాలో జూద వ్యసనాన్ని ఒక రుగ్మతగా చేర్చింది. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న 11వ కూర్పులోనూ అది ఉంది. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో దీన్ని సారా, మత్తు మందుల వ్యసనాల సరసన పెట్టింది. గెలుపు ఎప్పుడొస్తుందో తెలియకపోవడమే మనిషిని అక్కడ కట్టిపడేస్తుంది. కొద్దిలో తప్పిపోయిన గెలుపు కూడా ఇంకో ఆటకు ఉసిగొల్పుతుంది. యాప్ తయారుచేసినవాళ్లకు ఇది బాగా తెలుసు.

డాక్టరు అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే. ఇంట్లోనే ఒకసారి అడిగి చూసుకోండి:

• మునుపటి హుషారు రావాలంటే ఇంకా పెద్ద మొత్తం పెట్టాల్సి వస్తోందా?
• ఆపుదామనుకుంటే చిరాకు, కోపం, నిలకడ లేకపోవడం ఉన్నాయా?
• మానేద్దామని చాలాసార్లు ప్రయత్నించి ఓడిపోయాడా?
• పని చేస్తున్నా, తింటున్నా ఆట ఆలోచనేనా?
• మనసు బాగా లేనప్పుడల్లా ఆటలోకే పోతున్నాడా?
• పోయిన పైసలు రాబట్టాలని మర్నాడు మళ్లీ ఆడుతున్నాడా?
• ఎంత పోయిందో దాచడానికి అబద్ధాలు చెబుతున్నాడా?
• ఉద్యోగమో, చదువో, సంసారమో దెబ్బతిన్నదా?
• గండం గడవడానికి ఇంకొకరి పైసల మీద ఆధారపడుతున్నాడా?

ఏడాది కాలంలో వీటిలో నాలుగింటికి "అవును" అని జవాబొస్తే మానసిక వైద్యుణ్ని కలవాల్సిందే. మగపిల్లలు మాత్రమే ఆడతారనుకోవద్దు, ఆడవాళ్లూ ఈ ఊబిలో ఉన్నారు. పెద్ద వయసులో ఉన్నట్టుండి జూదం మొదలైతే, వాళ్లు వణుకుడు జబ్బు పార్కిన్సన్స్‌కు మందులు వాడుతున్నారేమో చూడండి. ఆ జబ్బుకిచ్చే కొన్ని మందులకు ఈ దుష్ప్రభావం ఉంది. సొంతంగా మందు ఆపేయకుండా డాక్టరుకు చెప్పండి.

చికిత్స అంటే ఏం చేస్తారు?

ఖర్చు అంచనా వేయాలంటే ముందు ఈ సంగతి తెలియాలి. చాలామంది "లక్షలవుతాయి, నెలల తరబడి దవాఖానలో పడేయాలి" అనుకుని ఇంటి గడపే దాటడం లేదు. అది నిజం కాదు.

జూద వ్యసనానికి ప్రధానమైన వైద్యం మాటలతో జరిగే చికిత్స. సైకాలజిస్టు ఎదురుగా కూర్చోబెట్టుకుని ఏ సమయంలో, ఏ బాధలో, ఏ ఆలోచనతో చెయ్యి ఫోన్ మీదికి పోతోందో పట్టుకుంటారు. "ఇప్పటిదాకా ఓడాను కాబట్టి ఇక గెలుపే" అనే లెక్క ఎంత తప్పో దగ్గరుండి చూపిస్తారు. కోరిక పుట్టినప్పుడు ఆ అరగంట ఎలా దాటాలో నేర్పుతారు. మామూలుగా వారానికోసారి, ఎనిమిది నుంచి పన్నెండు సార్లు కూర్చోవాల్సి వస్తుంది. కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది. మధ్యలో భార్యనో, తల్లిదండ్రులనో కూడా పిలుస్తారు.

జూదాన్ని మాన్పించే గోలీ అంటూ ప్రత్యేకంగా లేదు. దిగులు, నిద్రలేమి, ఆందోళన, తాగుడు తోడైతే వాటికి మందులు ఇస్తారు. కొందరికి కోరిక తగ్గడానికి కూడా డాక్టరు మందు రాయవచ్చు.

మరి దవాఖానలో చేరడం? సారా మానేసినప్పుడు శరీరంలో ప్రమాదకరమైన వణుకు, మూర్ఛ రావచ్చు. జూదం మానితే అట్లాంటి గండం ఉండదు. అందుకే ఎక్కువ మందికి ఓపీలో చూపించుకుంటూ ఇంటి దగ్గరే ఉండటం సరిపోతుంది. చచ్చిపోవాలన్న ఆలోచన ఉంటేనో, దిగులు ముదిరితేనో, తాగుడు కూడా మాన్పించాల్సి ఉంటేనో డాక్టరు చేర్చుకోమంటారు. ఖర్చులో పెద్ద తేడా వచ్చేది ఇక్కడే. "అడ్మిషన్ ఎందుకు అవసరం? ఎన్ని రోజులు?" అని అడగడం మీ హక్కు.

రండి, లెక్క వేద్దాం

ఈ కాగితం వెనక వైపు ఖాళీగా వదిలాం. పెన్ను తీసుకోండి. కింద వేసినవి లెక్క నేర్పడానికి మేం అనుకున్న అంకెలు మాత్రమే, ఏ దవాఖాన రేట్లూ కావు. మీరు పోయే చోట అడిగి అసలు అంకెలు వేసుకోండి.

ఒక ప్రైవేటు క్లినిక్‌లో కౌన్సెలింగ్‌కు ఒక్కసారికి 1,000 అనుకుందాం. పన్నెండు సార్లకు 12,000.
డాక్టరుకు నెలకోసారి 600 చొప్పున ఆరు నెలలకు 3,600.
మందులు నెలకు 500 చొప్పున ఆరు నెలలకు 3,000.
రానుపోను ఛార్జీ 100, పోయిన ఒకరోజు కూలి 600. ఒక్క రాకపోకకు 700. మొత్తం పద్దెనిమిది సార్లకు 12,600.
అన్నీ కలిపితే 31,200 రూపాయలు.

ఇందులో పెద్ద మొత్తం ఎక్కడుందో గమనించారా? దారి ఖర్చు, కూలి నష్టం. చాలా కుటుంబాలు డాక్టరు ఫీజు ఒక్కటే లెక్కేసుకుని మొదలుపెడతాయి, కూలి పోతున్నదని నాలుగో వారానికి ఆపేస్తాయి. వైద్యం సగంలో ఆగితే పెట్టిన పైసలన్నీ వృథా. అందుకే ఈ రెండూ మొదటి రోజే రాసుకోవాలి. డాక్టరును, కౌన్సెలర్‌ను ఒకే రోజు చూసేట్టు అపాయింట్‌మెంట్ అడిగితే పద్దెనిమిది రాకపోకలు పన్నెండుకు తగ్గుతాయి. 4,200 మిగులుతాయి. తోడు వచ్చేవాళ్ల కూలి కూడా పోతుంటే అదీ రాసుకోండి.

ఇప్పుడు ఇదే లెక్క సర్కారు దవాఖానకు వేయండి. కౌన్సెలింగ్, డాక్టరు ఫీజుల బరువు దిగిపోతుంది. మిగిలేది ముఖ్యంగా దారి ఖర్చు, కూలి. అక్కడ దొరకని మందు బయట కొనాల్సి వస్తే దానికి కొంచెం.

ఇంకో లెక్క చూడండి. ఇంట్లో మూడు లక్షల బెట్టింగ్ అప్పు ఉందనుకుందాం. నూటికి మూడు రూపాయల మిత్తి. నెలకు 9,000. నాలుగు నెలల మిత్తి 36,000. ఆరు నెలల ప్రైవేటు వైద్యం మొత్తం ఖర్చు దానికంటే తక్కువ! వైద్యానికి పైసలు లేవనుకుంటున్న ఇంట్లోంచే మిత్తికి అంతకంటే ఎక్కువ పోతున్నది.

ఇంకో రెండు పద్దులు కూడా రాయండి. ఒకటి, ఏడాది దాకా ఫాలో అప్. మొదటి ఆరు నెలల తర్వాత నెలకో, రెండు నెలలకో ఒకసారి కలవాలి. రెండు, మళ్లీ జారితే వాడుకోవడానికి విడిగా పెట్టిన కొంత మొత్తం. ఈ జబ్బులో ఒకసారి జారడం మామూలే. జారిన రోజు "అంతా అయిపోయింది" అని వైద్యం ఆపేయకుండా, మరునాడే డాక్టరు దగ్గరికి పోగలిగేంత పైసలు పక్కన ఉండాలి. ఆ పైసలు జబ్బు మనిషి ఖాతాలో కాకుండా ఇంట్లో ఇంకొకరి పేరున పెట్టండి.

పైసా లేకున్నా ఈ దారులున్నాయి

14416. ఈ నంబరు ప్రతి ఇంటి గోడ మీద ఉండాలి. కేంద్రం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలి మానస్ ఇది. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. జబ్బు మనిషి ఫోన్ చేయకపోయినా ఇంట్లోవాళ్లు చేయవచ్చు. ఎక్కడ చూపించుకోవాలో చెబుతారు. మొదటి అడుగుకు బస్సు ఛార్జీ కూడా అక్కర్లేదు.

ఎంజీఎం దవాఖాన. మన ఊళ్లోనే మానసిక వైద్య విభాగం ఉంది. ఓపీ చీటీ రాయించుకునేటప్పుడు "సైకియాట్రీ" అని అడగండి. సిగ్గుపడి "తలనొప్పి", "నిద్ర పట్టడం లేదు" అని వేరే విభాగానికి రాయించుకుంటే సగం రోజు వృథా అవుతుంది. డాక్టరు దగ్గర "బెట్టింగ్ ఆడుతున్నాడు, ఆపలేకపోతున్నాడు, ఇంత అప్పుంది" అని సూటిగా చెప్పండి. స్టేట్‌మెంట్ కాగితాలు, ఇప్పటికే వాడుతున్న మందుల చీటీలు వెంట తీసుకుపోండి.

పెద్ద దవాఖానలు. కేసు కష్టంగా ఉంటే హైదరాబాద్ ఎర్రగడ్డలో సర్కారు మానసిక చికిత్సాలయం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో చుట్టాలుంటే వాళ్లకు విశాఖపట్నం ప్రభుత్వ మానసిక ఆస్పత్రి సంగతి చెప్పండి. బెంగళూరు నిమ్హాన్స్‌లో ఫోన్, ఇంటర్నెట్, ఆన్‌లైన్ ఆటల వ్యసనాల కోసమే 2014 నుంచి ఒక క్లినిక్ నడుస్తోంది.

చట్టం ఇచ్చిన హక్కు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ చదివించుకోండి. ప్రభుత్వం నడిపే, ప్రభుత్వ నిధులతో నడిచే సంస్థల్లో మానసిక వైద్యం పొందే హక్కు ప్రతి ఒక్కరికీ ఉంది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు, కార్డు ఉన్నా లేకున్నా, అక్కడ ఆ వైద్యం పూర్తిగా ఉచితం. 23వ సెక్షన్ ప్రకారం మీ వివరాలు గోప్యంగా ఉంచాలి. 25వ సెక్షన్ ప్రకారం మీ వైద్య కాగితాలు మీకు ఇవ్వాలి.

కార్డులు. నెల జీతం 21,000 లోపు ఉండి ఈఎస్‌ఐ కోత పడుతున్నవాళ్లు ఆ కార్డు వాడుకోండి. ఆర్టీసీ, సింగరేణి, ప్రభుత్వ ఉద్యోగుల కుటుంబాలు తమ తమ వైద్య పథకం కింద అడగండి. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో పది లక్షలకు పెరిగింది. కానీ మనం చూడాల్సింది పరిమితి ఎంతని కాదు, మన చికిత్స ప్యాకేజీల జాబితాలో ఉందా లేదా అని. చేరకముందే దవాఖానలోని ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోండి.

బీమా ఉన్నవాళ్లు ఇది చదవండి

అదే 2017 చట్టం 21వ సెక్షన్ ఒక గట్టి మాట చెప్పింది. శరీరానికి వచ్చే జబ్బుకు బీమా ఏ పద్ధతిలో ఇస్తారో మానసిక జబ్బుకూ అదే పద్ధతిలో ఇవ్వాలి. ఏది మానసిక జబ్బు అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితా వంటి అంగీకరించిన ప్రమాణాల ప్రకారం తేల్చాలని 3వ సెక్షన్ చెబుతోంది. ఆ జాబితాలో జూద రుగ్మత ఉందని పైన చదివారు. క్లెయిమ్ అడిగేటప్పుడు ఈ రెండు సెక్షన్లూ దగ్గర పెట్టుకోండి.

అయితే కళ్లు మూసుకుని నమ్ముకోవద్దు. చాలా పాలసీలు దవాఖానలో చేరితేనే ఇస్తాయి, ఓపీ కౌన్సెలింగ్‌కు ఇవ్వవు. పాలసీకి ముందునుంచే ఉన్న జబ్బుకు వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది. అందుకే పాలసీ కాగితంలో మూడు సంగతులు వెతకండి: ఓపీకి వర్తిస్తుందా, ఎంత కాలం ఆగాలి, వ్యసనాల గురించి మినహాయింపుల్లో ఏం రాశారు. కంపెనీ కాదంటే కారణం రాసి ఇవ్వమనండి. ఫిర్యాదు చేసిన ముప్పై రోజుల్లో జవాబు రాకున్నా, వచ్చిన జవాబు నచ్చకున్నా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. దానికి ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

మోసపోకండి!

"ఇరవై ఒక్క రోజుల్లో గ్యారంటీ" అనే బోర్డు చూసి లక్షలు కట్టకండి. ఈ జబ్బుకు తేదీ వేసి గ్యారంటీ ఇవ్వగల డాక్టరు లేడు. మనిషికి తెలియకుండా అన్నంలో కలిపి పెట్టే మందు, పోస్టులో వచ్చే పొడి, తాయెత్తు, ఇవన్నీ మీ భయం మీద చేసే వ్యాపారం.

ఏ ప్రైవేటు కేంద్రానికి పోయినా పైసలు కట్టే ముందు ఈ ఐదు ప్రశ్నలు అడగండి:

1. మానసిక ఆరోగ్య సంస్థగా రిజిస్ట్రేషన్ ఉందా? కాగితం చూపించండి.
2. సైకియాట్రిస్టు ఎవరు? వారానికి ఎన్నిసార్లు వస్తారు?
3. గది, భోజనం, మందులు, పరీక్షలు, కౌన్సెలింగ్, దేనికెంతో విడివిడిగా రాసిస్తారా?
4. మధ్యలో తీసుకుపోతే కట్టిన పైసల్లో ఎంత తిరిగిస్తారు?
5. ఇంటికొచ్చాక ఫాలో అప్ ఎవరు చూస్తారు? దానికెంత?

జవాబు చెప్పకపోయినా, రసీదు ఇవ్వకపోయినా అక్కడినుంచి లేచి రండి. మనిషిని గొలుసులతో కట్టడం అదే 2017 చట్టం 95వ సెక్షన్ ప్రకారం నిషేధం. కొట్టడం, కట్టేయడం, ఇంట్లోవాళ్లను కలవనీయకపోవడం కనబడితే పోలీసులకు చెప్పండి.

అప్పులోళ్లు గుమ్మంలో ఉన్నారు. ఏం చేయాలి?

వైద్యం ముందు అన్నామంటే అప్పు ఎగ్గొట్టమని కాదు. వరుస మార్చమంటున్నాం.

మొదట అప్పుల జాబితా రాయండి. బ్యాంకు, చిట్టీ, ఫైనాన్స్, చేబదులు, లోన్ యాప్, బుకీ, ఏదీ దాచొద్దు. దాచిన ఒక్క అప్పు కోసమే మళ్లీ ఆట మొదలవుతుంది. తర్వాత దేనికి ఎంత మిత్తో పక్కన వేయండి. బ్యాంకుకు పోయి వాయిదాలు పెంచమని అడగండి. తీర్చేటప్పుడు నేరుగా అప్పు ఇచ్చినవాళ్లకే కట్టండి. "నేను కట్టేస్తా, నా చేతికియ్యి" అంటే ప్రేమతోనే కాదనండి. మహిళా సంఘం నుంచి తెచ్చిన అప్పును, పిల్లల ఫీజు పైసలను, ఆడబిడ్డ ఒంటి మీది బంగారాన్ని ఇందులో పోయకండి. ఆ బంగారం ఆమె సొత్తు.

బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీల వసూలు ఏజెంట్లు పొద్దున ఎనిమిదికి ముందు, రాత్రి ఏడు తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వ్ బ్యాంకు 2022లోనే చెప్పింది. బెదిరించకూడదు, చుట్టపక్కాల ముందు పరువు తీయకూడదు. డిజిటల్ లోన్ యాప్ మీ కాంటాక్టుల జాబితా తీసుకోకూడదు. ఫొటోలు మార్ఫింగ్ చేసి బెదిరిస్తుంటే 1930కి ఫోన్ చేయండి. స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. భయపడి ఇంకో యాప్‌లో అప్పు తీసి కట్టకండి.

తర్వాత పైసలకు తాళం వేయండి. జబ్బు మనిషి ఒప్పుకోలుతోనే జీతం ఇంట్లో ఇంకొకరు కూడా చూడగలిగే ఖాతాలోకి మార్చండి. యూపీఐ రోజువారీ లిమిట్ తగ్గించండి. క్రెడిట్ కార్డు మూసేయండి. చేతికి రోజు ఖర్చు మాత్రమే ఇవ్వండి. ఎన్నాళ్లు ఇలా ఉంటుందో ముందే మాట్లాడుకోండి, ఆరు నెలలకోసారి కలిసి చూసుకోండి. తలుపేసి బంధించడం, వాడకట్టులో అందరి ముందూ దండించడం వైద్యం కాదు. పైసా ఖర్చు లేని ఈ తాళాలే వైద్యానికి పెట్టిన ప్రతి రూపాయినీ కాపాడతాయి.

ఇంకో మాట, అన్నిటికంటే ముఖ్యమైనది. అప్పుల భారం, అవమానం మనిషిని చావు ఆలోచన దాకా నెడతాయి. "నేను లేకుంటే మీకు పీడ పోతుంది" లాంటి మాట వినబడితే ఉత్తమాటగా కొట్టేయకండి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా అడగండి. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, మనసులో ఉన్నది బయటికి వస్తుంది. ఆ రాత్రి మనిషిని ఒంటరిగా వదలొద్దు. పురుగుల మందు, తాళ్లు అందకుండా తీసేయండి. 14416కు ఫోన్ చేయండి, అత్యవసరమైతే 108కి చేసి దవాఖానకు తీసుకుపోండి. ఆ రోజు ఖర్చు లెక్కలేవీ వద్దు, మనిషి ముఖ్యం.

చట్టం ఎవరి మీద?

ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది. దేశమంతటికీ 2025లో ఆన్‌లైన్ గేమింగ్ చట్టం వచ్చింది. ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆ చట్టం కింద డబ్బు ఆటలు నడిపేవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రకటనలు చేసేవాళ్లకు రెండేళ్ల దాకా జైలు, యాభై లక్షల దాకా జరిమానా. ఆడి నష్టపోయినవాళ్లకు ఆ చట్టం శిక్ష పెట్టలేదు. దాని ప్రకారం నేరం ఉచ్చు పన్నినవాడిది. దవాఖాన మీ వివరాలు గోప్యంగా ఉంచాలి కాబట్టి కేసవుతుందన్న భయంతో వైద్యం మానుకోవద్దు.

కానీ నిషేధంతోనే పని అయిపోయిందా? ఆట మూతపడ్డంత మాత్రాన ఆరాటం మూతపడదు. నిషేధం పెట్టిన ప్రభుత్వమే ఆ వ్యసనంలో చిక్కుకున్నవాళ్లను బయటికి తెచ్చే బాధ్యత కూడా తీసుకోవాలి. అందుకే అడుగుతున్నాం.

మా డిమాండ్లు

1. ఎంజీఎంలోనూ, జిల్లా దవాఖానల్లోనూ జూద వ్యసనానికి వారానికొక ప్రత్యేక ఓపీ నడపాలి. కూలి పోకుండా రావడానికి సాయంత్రం వేళ పెట్టాలి.
2. మానసిక వైద్యులు, సైకాలజిస్టులు, సోషల్ వర్కర్ల పోస్టులను అవసరానికి తగినన్ని మంజూరు చేసి, ఖాళీ లేకుండా నింపాలి.
3. ఆరోగ్యశ్రీలో జూద రుగ్మత చికిత్సను పేరు పెట్టి చేర్చాలి. అడ్మిషన్‌కే కాదు, ఓపీ కౌన్సెలింగ్‌కు కూడా వర్తింపజేయాలి.
4. బెట్టింగ్ ముఠాల నుంచి రాబట్టిన జరిమానాల్లో ఒక వాటా బాధితుల వైద్యానికి, దారి ఖర్చులకు కేటాయించాలి.
5. రిజిస్టరైన మానసిక ఆరోగ్య కేంద్రాల జాబితాను కలెక్టరేట్‌లో, వార్డు ఆఫీసుల్లో అంటించాలి. ప్రతి కేంద్రం గుమ్మంలో రేట్లు తెలుగులో రాసి పెట్టాలి.
6. ప్రతి కాలేజీ, ప్రతి హాస్టల్ నోటీసు బోర్డు మీద 14416 ఉండాలి. విద్యార్థి బయటపడి చెప్పుకుంటే టీసీ ఇచ్చి పంపకుండా వైద్యానికి పంపాలి.
7. వైద్యానికి పోయే కార్మికుడికి, ఉద్యోగికి సెలవు ఇవ్వాలి. పని పోకూడదు.

మీరేం చేయాలి?

ఇవాళ: ఈ కాగితం వెనక మీ లెక్క రాయండి. మీ ఇంట్లో అవసరం లేకుంటే అవసరమున్న ఇంటికి అందించండి. 14416 నంబరును అందరి ఫోన్లలో సేవ్ చేయించండి.

ఈ వారం: అనుమానం ఉన్న మనిషితో తాగని వేళ, తిట్టకుండా, ఒంటరిగా మాట్లాడండి. "పైసలు ఎట్ల పోయినయ్?" అనే ముచ్చటతో మొదలుపెట్టకండి. "నిద్రపోతున్నవా? తింటున్నవా? నాతోటి డాక్టరు దగ్గరికి వస్తవా?" అని అడగండి. ఒక్కరు తోడు వస్తామంటే చాలామంది కదులుతారు.

వచ్చే సోమవారం: కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటుంది. పై ఏడు డిమాండ్లు రాసిన దరఖాస్తుతో వార్డుకు పదిమందిమి కలిసి పోదాం. దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకుందాం. జవాబు రాకుంటే మరుసటి సోమవారం మళ్లీ పోదాం. మహిళా సంఘాలు, యువజన సంఘాలు, ఆటో యూనియన్లు, హమాలీ సంఘాలు, కాలేజీ విద్యార్థులు, గుడి, మసీదు, చర్చి పెద్దలు, అందరూ రావాలి. బాధపడ్డ కుటుంబాలు పేరు చెప్పుకోవాల్సిన పని లేదు. మన మధ్య నిలబడితే చాలు.

యాప్ నడిపేవాళ్లకు పైసలున్నాయి, ప్రకటనలున్నాయి, వకీళ్లున్నారు. మనకు ఇరుగుపొరుగు ఉన్నారు, చట్టం ఇచ్చిన హక్కు ఉంది, మనం కట్టిన పన్నులతో నడిచే దవాఖాన ఉంది. వాటిని వాడుకుందాం. ఒక్క కుటుంబం కూడా ఖర్చుకు భయపడి వైద్యానికి దూరం కాకుండా చూసుకుందాం.

అప్పుకంటే ముందు వైద్యం!
దాపరికం వద్దు, దవాఖానకు పోదాం!
జూద వ్యసనానికి ఉచిత చికిత్స మన హక్కు!
సోమవారం కలెక్టరేట్‌కు కదలిరండి!

ఇట్లు,
వరంగల్, హనుమకొండ, కాజీపేట పౌరులు, బాధిత కుటుంబాలు